వార్త నిజమే, మీ పాపకి అమ్మజూపుతున్నది మాత్రం అది కాదు

ప్రశ్న: నేను ఖమ్మం జిల్లాలో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా పాపకి పదకొండేళ్ళు. ఏడాదిన్నర క్రితం టైప్ 1 షుగర్ అని తేలింది. అప్పట్నుంచి రోజుకి నాలుగు ఇంజెక్షన్లు. మొదటి కొన్ని నెలలు ఇన్సులిన్ డోసు బాగా తగ్గింది, నయమవుతోందేమో అనుకున్నాం, మళ్ళీ పెరిగింది. ఈమధ్య ఒక వీడియో చూశాం. స్టెమ్ సెల్స్‌తో అమెరికాలో పన్నెండుమందిలో పదిమంది ఇన్సులిన్ మానేశారట. సిటీలో ఒక క్లినిక్ వాళ్ళు అదే ట్రీట్‌మెంట్ నాలుగున్నర లక్షలకు చేస్తామంటున్నారు. వాళ్ళు ఒక తండ్రితో ఫోన్లో మాట్లాడించారు. తన కొడుక్కి మూణ్ణెల్లలో ఇన్సులిన్ దాదాపు అక్కర్లేకుండా పోయిందని ఆయన చెప్పాడు. మా బావగారేమో పొడపత్రి కషాయం పట్టించి ఇంజెక్షన్లు ఆపెయ్యమంటారు. సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తుందని ఒక వాచ్ కూడా కొనిచ్చారు. నేను పదేళ్ళుగా సైన్స్ ప్రచార కార్యక్రమాల్లో తిరుగుతున్నవాణ్ణి. 'దేన్నీ నమ్మకపోవడమే నీ పని, కన్నబిడ్డ విషయంలో కూడా అదేనా?' అంటోంది నా భార్య. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళని కూడా మొదట నమ్మలేదంటారు కదా. నాది జాగ్రత్తా, మొండితనమా? (ఒక తండ్రి)

జవాబు:

మాస్టారూ,

మిగతా సంగతులన్నీ తర్వాత. ఇన్సులిన్ ఒక్క రోజు కూడా ఆపకండి. టైప్ 1లో, క్లోమగ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే చంపేస్తుంది. బయటి నుంచి ఇన్సులిన్ అందకపోతే రక్తంలో చక్కెర ఎంత ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. శరీరం కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అలా పుట్టే కీటోన్లనే పదార్థాలు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది. పిల్లల్లో ఇది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, లోతుగా ఎగశ్వాస, నోట్లోంచి పండిన పళ్ళ వాసన, వీటిలో ఏది కనిపించినా కీటోన్లు చూసి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. బావగారికి ఈ సంగతి మీరు చెప్తే వాదన అవుతుంది. ఈసారి చెకప్‌కి ఆయన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళి, డాక్టరుగారి చేతే చెప్పించండి.

ఇక వీడియో సంగతి. ఆ వార్త నిజమే. 2025 జూన్‌లో వెర్టెక్స్ అనే అమెరికన్ కంపెనీ తన పరీక్షల ఫలితాలను న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించింది. మూలకణాలను, అంటే స్టెమ్ సెల్స్‌ని, ప్రయోగశాలలో ఇన్సులిన్ తయారుచేసే కణాలుగా మార్చి, కాలేయానికి వెళ్ళే రక్తనాళంలోకి ఎక్కించారు. పూర్తి డోసు తీసుకున్న పన్నెండుమందిలో పదిమందికి ఏడాది నాటికి ఇన్సులిన్ ఇంజెక్షన్ అవసరం లేకపోయింది. షుగర్ ఉన్నట్టుండి పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం మొదటి మూడు నెలల తర్వాత పన్నెండుమందిలో ఎవరికీ రాలేదు. ఇది చదివి సంతోషించడానికి సంకోచం అక్కర్లేదు. నేనూ సంతోషించాను.

దీని వెనకున్న మనిషి గురించి మీకు చెప్పాలి, ఎందుకంటే ఆయన కూడా మీలాంటి తండ్రే. డగ్లస్ మెల్టన్ చాలా ఏళ్ళు హార్వర్డ్‌లో జీవశాస్త్రవేత్తగా ఉన్నాడు. ఒకప్పుడు కప్పల పిండాల మీద పనిచేసేవాడు. కొడుక్కి ఆరు నెలల వయసులో టైప్ 1 వచ్చింది. చేస్తున్న పరిశోధన పక్కనపెట్టి బీటా కణాల మీద పడ్డాడు. కొన్నేళ్ళకు కూతురికీ అదే జబ్బు వచ్చింది. మూలకణాల నుంచి పనిచేసే బీటా కణాలను పెద్ద సంఖ్యలో తయారుచెయ్యగలిగామని ఆయన బృందం ప్రకటించింది 2014లో. అప్పటికి ఇరవయ్యేళ్ళు దాటిపోయాయి. ఆ కణాలు ఎలుకల్లో పనిచేశాయి. అక్కణ్ణుంచి మనుషుల్లో పరీక్షలకు వెళ్ళి, ఈ పన్నెండుమంది ఫలితాలు చేతికి రావడానికి మరో పదేళ్ళు పట్టింది. పిల్లలకి త్వరగా నయం కావాలన్న ఆత్రం ఆయనకి మనకన్నా తక్కువేం కాదు. అయినా ఒక్కొక్క మెట్టూ ఎక్కాల్సిందే అనుకున్నాడు.

వీడియోలో చెప్పని సంగతులు కూడా ఆ పేపర్లోనే ఉన్నాయి. ఎవరూ దాచలేదు. ఎక్కించినవి పరాయి కణాలు కాబట్టి శరీరం వాటిని చంపకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడుతూనే ఉండాలి. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడేలాంటివి. వాటివల్ల ఇన్ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి. పరీక్షలో చేరినవాళ్ళలో ఇద్దరు చనిపోయారు. ఆ మరణాలకు కొత్త కణాలు కారణం కాదన్నారు, కానీ ఒకరికి వచ్చింది మెదడు పొరల ఇన్ఫెక్షన్. అసలు ఆ పరీక్షలో చేర్చుకున్నది పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళనే. వాళ్ళలో కూడా, షుగర్ పడిపోతున్నా శరీరానికి తెలియకుండా పదేపదే ప్రమాదంలో పడేవాళ్ళనే తీసుకున్నారు. ఇన్సులిన్‌తోనే ప్రాణానికి ముప్పుగా ఉన్నవాళ్ళకి ఆ బలమైన మందుల ముప్పు కాస్త నయం అన్న లెక్క అది. రోజూ బడికెళ్ళి చదువుకుంటూ ఆడుకుంటూ ఉన్న పదకొండేళ్ళ పాపకి ఆ లెక్క తిరగబడుతుంది.

ఇంకో సంగతి: ఏడాది అన్నది ఈ విషయంలో చిన్న కాలం. ఇలా అనడానికి కారణం 2000 సంవత్సరంలో కెనడాలోని ఎడ్మంటన్‌లో జరిగిన కథ. జేమ్స్ షపీరో బృందం, చనిపోయినవాళ్ళు దానం చేసిన క్లోమాల నుంచి బీటా కణాలున్న ముద్దలను వేరుచేసి ఏడుగురికి ఎక్కించింది. ఏడుకి ఏడుగురూ ఇన్సులిన్ మానేశారు. మధుమేహం ముగిసిపోయినట్టేనని అప్పుడు పత్రికలు రాశాయి. ఆ తర్వాత అదే పద్ధతిని అమెరికా, కెనడా, యూరప్‌లలోని తొమ్మిది కేంద్రాల్లో ముప్పైఆరుమంది మీద పరీక్షించారు. ఏడాదికి ఇన్సులిన్ లేకుండా ఉన్నది పదహారుమంది. రెండేళ్ళకు ఆ పదహారులో మిగిలింది ఐదుగురు. ఎడ్మంటన్‌లోనే ఐదేళ్ళపాటు వెంటబడి చూసినప్పుడు, ఇన్సులిన్ అక్కర్లేనివాళ్ళు దాదాపు పది శాతమే. ఈ లెక్కలు బయటపెట్టినవాళ్ళెవరో చూడండి. ఎదుటి పార్టీ వాళ్ళు కాదు, ఆ పద్ధతి కనిపెట్టిన బృందమే. చాలామందికి ఇన్సులిన్ మళ్ళీ అవసరమైనా, షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మాత్రం బాగా తగ్గింది. అదీ వాళ్ళే రాశారు. ఎంత లాభమో, ఎంత కాదో రెండూ చెప్పారు కాబట్టే తర్వాతివాళ్ళు దాని మీద కట్టుకుంటూ రాగలిగారు.

మీరు చూసే వీడియోల్లో చైనా, స్వీడన్ వార్తలు కూడా వస్తాయి, కాబట్టి అవీ చెప్పేస్తాను. చైనాలోని తియాంజిన్‌లో ఇరవైఐదేళ్ళ యువతికి ఆమె సొంత కొవ్వు కణాల నుంచే బీటా కణాలు తయారుచేసి పొట్ట కండరం పొర కింద పెట్టారు. 75 రోజులకు ఇన్సులిన్ ఆగింది. ఏడాది తర్వాత కూడా బాగానే ఉందని 2024లో ప్రచురించారు. అద్భుతమైన పని. అయితే ఆమెకి అంతకుముందే కాలేయ మార్పిడి జరిగింది, రోగనిరోధక శక్తిని అణిచే మందులు ముందునుంచే వాడుతోంది. ఆ మందులు లేకపోతే సొంత కణాలనైనా శరీరం మళ్ళీ చంపేదా అన్నది ఆ ఒక్క కేసుతో తేలదు. స్వీడన్‌లో సరిగ్గా ఆ ముడి విప్పడానికే ప్రయత్నించారు. దాత కణాల జన్యువులను సవరించి, రోగనిరోధక వ్యవస్థ కంటపడకుండా చేసి, నలభైరెండేళ్ళ మనిషి ముంజేతి కండరంలో పెట్టారు. అణిచే మందులేవీ ఇవ్వలేదు. పన్నెండు వారాల తర్వాత కూడా ఆ కణాలు బతికి ఇన్సులిన్ ఇస్తున్నాయని 2025 ఆగస్టులో ప్రకటించారు. పెట్టింది చాలా చిన్న మోతాదు, అతను ఇన్సులిన్ మానలేదు. నన్నడిగితే, మీ పాప తరం పిల్లలకి అన్నిటికన్నా ఎక్కువ ఆశ పెట్టుకోదగింది ఈ చిన్న ఫలితం మీదే. వైరల్ అయ్యేంత హంగు దీనికి లేదు.

ఇప్పుడు మీ క్లినిక్ దగ్గరికి వద్దాం. 'అదే ట్రీట్‌మెంట్' అన్నారట. అది కుదరదు. ఆ కణాలు ఒక కంపెనీ తన ల్యాబ్‌లో, వారాల తరబడి ఒక్కొక్క దశ దాటించి తయారుచేసినవి. ఫలితాలు వెలువడేనాటికి పరీక్షల్లో చేరినవాళ్ళకి తప్ప ఎవరికీ దొరికేవి కావు, ఎక్కడా అమ్మకానికి లేవు. ఇలాంటి క్లినిక్కుల్లో మామూలుగా చేసేది వేరు: ఎముక మజ్జ నుంచో, పొట్ట కొవ్వు నుంచో కాసిని కణాలు తీసి, సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. అవి బీటా కణాలు కావు, ఒంట్లోకి వెళ్ళాక బీటా కణాలుగా మారతాయనడానికి ఆధారం లేదు. రెండింటినీ స్టెమ్ సెల్స్ అనే పిలుస్తారు కాబట్టి వార్త ఒకదానిది, బిల్లు ఇంకోదానిది అయిపోతోంది.

మన దేశంలో దీనికి నియమాలున్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన జబ్బులకు చేసే మజ్జ మార్పిడి లాంటివే మూలకణాలతో ఆమోదం పొందిన చికిత్సలు. మధుమేహం ఆ జాబితాలో లేదు. జాబితాలో లేనిదేదైనా అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి, బయట చేస్తే అది వృత్తిపరమైన తప్పిదమే. ట్రయల్ పేరుతో రోగి దగ్గర చికిత్సకు డబ్బు వసూలు చెయ్యకూడదు. షుగర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం కూడా 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరమే. ఇన్ని ఉన్నా బోర్డులు ఎలా లేస్తున్నాయని మీరు అడగొచ్చు. అమలు చేసేవాళ్ళు పట్టించుకోకపోవడం వల్లే. ఇది రాస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళు గురిపెట్టేది సరిగ్గా మీలాంటి ఇళ్ళనే.

ఫోన్లో మాట్లాడిన ఆ తండ్రి అబద్ధం చెప్పి ఉంటాడని నేననుకోను. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది చూడండి. 'మొదటి కొన్ని నెలలు డోసు బాగా తగ్గింది, మళ్ళీ పెరిగింది' అని రాశారు. టైప్ 1 బయటపడేనాటికి బీటా కణాలన్నీ చచ్చిపోయి ఉండవు. ఎక్కువైపోయిన చక్కెర దెబ్బకి మిగిలినవి కూడా నీరసించి ఉంటాయి. ఇన్సులిన్ మొదలుపెట్టగానే వాటికి కాస్త ఊపిరి దొరికి మళ్ళీ పనిచేస్తాయి. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, చాలా తక్కువ ఇన్సులిన్‌తోనే బండి నడుస్తుంది. డాక్టర్లు దీన్ని హనీమూన్ పీరియడ్ అంటారు. తర్వాత మిగిలిన కణాలు కూడా పోతాయి, డోసు పెరుగుతుంది.

ఆ సమయంలో మీ పాపకి మీరు ఏమీ చెయ్యలేదు. చేసి ఉంటే? జబ్బు బయటపడిన నెలకి ఆ క్లినిక్‌లో సెలైన్ ఎక్కించి ఉంటే, తగ్గిన ఇన్సులిన్ అంతా దాని పుణ్యమే అనుకునేవారు. కషాయం పట్టించి ఉంటే పొడపత్రికి దండం పెట్టేవారు. మొక్కు మొక్కి ఉంటే ఆ దేవుడికి ముడుపు చెల్లించేవారు. ఏం చేసినా, ఏం చెయ్యకపోయినా ఆ నెలల్లో తగ్గేది తగ్గుతుంది. అందుకే సరైన పరీక్షల్లో మందు ఇచ్చినవాళ్ళనీ ఇవ్వనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది ఇచ్చారో ముందుగా తెలియనివ్వకుండా చూస్తారు. ఆ తండ్రిని మళ్ళీ ఫోన్లో పట్టుకోగలిగితే రెండే ప్రశ్నలు అడగండి: జబ్బు బయటపడిన ఎన్ని నెలలకి ఈ చికిత్స చేయించారు, ఇప్పుడు ఎన్ని యూనిట్లు వాడుతున్నారు. ఆయన్ని నొప్పించేలా మాత్రం అడగొద్దు, ఆయన పరిస్థితీ మీదే.

షుగర్ నయమైందని చుట్టాల్లో వినబడే ఇంకో రకం కథ టైప్ 2ది. అది వేరే జబ్బు. అక్కడ బీటా కణాలు బతికే ఉంటాయి. బ్రిటన్‌లో డైరెక్ట్ అనే పరీక్షలో కొన్ని నెలలు కఠినమైన ఆహార నియమంతో బరువు తగ్గించే పద్ధతిలో చేర్చినవాళ్ళలో ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే షుగర్ అదుపులో పెట్టుకోగలిగారు. మీ ఊళ్ళో ఎవరైనా బరువు తగ్గి మందులు మానేశానంటే అది నిజమే అయ్యుండొచ్చు. మీ పాపకి మాత్రం అది వర్తించదు.

ఇన్సులిన్‌ని కూడా మొదట నమ్మలేదు కదా అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. 1921 డిసెంబరు 30న అమెరికాలోని న్యూహేవెన్‌లో జరిగిన సభలో, ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళలో ఒకడైన కెనడా డాక్టరు బాంటింగ్ తన కుక్కల ప్రయోగాలు వివరించినప్పుడు, వచ్చిన నిపుణులు నిలదీశారు. ఆయన తడబడ్డాడు. సరిగ్గా రెండు వారాలు తిరక్కుండానే, 1922 జనవరి 11న, టొరంటో జనరల్ హాస్పిటల్‌లో పద్నాలుగేళ్ళ లెనర్డ్ థామ్సన్‌కి తొలి ఇంజెక్షన్ ఇచ్చారు. అప్పట్లో టైప్ 1కి ఉన్న ఒకే ఒక్క చికిత్స ఆకలితో మాడ్చడం. ఆ కుర్రాడు ఎముకల గూడులా ఉన్నాడు. ఇంజెక్షన్‌తో రక్తంలో చక్కెర 440 నుంచి 320కి దిగింది. మూత్రంలో కీటోన్లు అలాగే ఉన్నాయి, సూది గుచ్చిన చోట గడ్డ లేచింది.

ఆ క్షణంలో వాళ్ళు ఏం చేశారో చూడండి. 120 పాయింట్లు తగ్గాయి కదా అని పత్రికల వాళ్ళని పిలవలేదు. ఇది చాలదని ఇంజెక్షన్లు ఆపేశారు. జేమ్స్ కాలిప్ అనే రసాయన శాస్త్రవేత్త, ఎడ్మంటన్ నుంచే టొరంటో వచ్చినవాడు, రాత్రింబవళ్ళు కూర్చుని ఆ మందును శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్ళీ మొదలుపెట్టారు. ఈసారి చక్కెర ఒక్క రోజులో 520 నుంచి 120కి పడింది, కీటోన్లు మాయమయ్యాయి. ఆ కుర్రాడు ఇంకో పదమూడేళ్ళు బతికాడు. ఆ ఏడాదిలోనే మిగతా ఊళ్ళలోని డాక్టర్లు కూడా ఇచ్చి చూశారు, వాళ్ళకీ అదే ఫలితం వచ్చింది. అనుమానించినవాళ్ళు ఏడాది తిరక్కుండా ఒప్పుకున్నారు. పేటెంటును తలా ఒక డాలరుకి యూనివర్సిటీకి ఇచ్చేశారు. 1923లో నోబెల్ వచ్చింది. అడ్డు తగిలిందనుకుంటున్న ఆ అనుమానమే గడ్డ లేపిన మందును ప్రాణం పోసే మందుగా మార్చింది. మెల్టన్‌కైనా, కాలిప్‌కైనా, మీకైనా ఉండాల్సింది అలాంటి అనుమానం: ఏం చూపిస్తే ఒప్పుకుంటానో ముందే చెప్పగలిగేది, అది చూపించాక ఒప్పుకునేది. ఏం చూపించినా ఒప్పుకోనంటేనే మొండితనం. మీ ఉత్తరం చదివితే మీరు అలాంటివారనిపించలేదు.

పొడపత్రి గురించి బావగారితో మాట్లాడేటప్పుడు కాస్త గౌరవంగా మాట్లాడండి. ఆ ఆకు ఉత్తిదేం కాదు. ఒక ఆకు నమిలి, ఆ తర్వాత చిటికెడు పంచదార నాలుక మీద వేసుకోమనండి. ఇసకలా ఉంటుంది, తీపి అస్సలు తెలియదు. దానిలోని జిమ్నిమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని గుర్తించే చోట అడ్డుపడతాయి. కాసేపటికి రుచి తిరిగొస్తుంది. నాలుకకి తీపి తెలియకపోతే ఒంట్లో చక్కెరే కరిగిపోయిందన్న నమ్మకం ఎలా పుట్టి ఉంటుందో ఊహించుకోవచ్చు. టైప్ 2 వాళ్ళ మీద చిన్న చిన్న అధ్యయనాలు జరిగాయి. ఇన్సులిన్‌కి బదులుగా పనిచేస్తుందని మాత్రం ఏదీ చూపించలేదు. ఆకులంటే శాస్త్రానికి పడదని కూడా అనుకోకూడదు. ఇవాళ కోట్లమంది మింగే మెట్‌ఫార్మిన్ మాత్ర మూలం యూరప్‌లో పెరిగే ఒక మొక్క. ఆ మొక్కలోని పదార్థం నేరుగా వాడితే విషమయ్యేది. దాన్ని పోలిన రసాయనాన్ని 1922లో తయారుచేశారు, 1957లో ఫ్రాన్స్‌లో రోగులకి ఇచ్చి చూశారు, అమెరికా ఒప్పుకోవడానికి 1990లు రావాల్సి వచ్చింది. పాపకి కషాయం ఇప్పటికే కొద్దిగా పట్టిస్తుంటే అది డాక్టరుగారికి చెప్పి తీరాలి. దాచొద్దు.

ఆ వాచ్‌కి మీరు ఇంట్లోనే పరీక్ష పెట్టొచ్చు. పాపకి మంచి సైన్స్ పాఠం కూడా అవుతుంది. అన్నానికి ముందు, తిన్న రెండు గంటలకి, ఒక వారం పాటు గ్లూకోమీటర్‌తో చూడండి. స్ట్రిప్ మీద వచ్చిన అంకె మీ ఆవిడ ఒక కాయితం మీద రాయాలి. అదే నిమిషంలో వాచ్‌లో కనిపించింది పాప ఇంకో కాయితం మీద రాయాలి. వారం అయ్యేదాకా ఒకరిది ఒకరు చూడకూడదు. చివర్లో పక్కపక్కన పెట్టండి. స్ట్రిప్‌లో 90, 240, 60 అని ఊగుతుంటే వాచ్ మాత్రం రోజంతా వంద చుట్టూ తిరుగుతోందా చూడండి. ఆ వారంలో డోసు నిర్ణయించేది గ్లూకోమీటర్ మాత్రమే, వాచ్ అంకె చూసి ఒక్క యూనిట్ కూడా మార్చొద్దు. చర్మాన్ని గుచ్చకుండా షుగర్ కొలిచే వాచ్‌కి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి డోసు వేసుకుంటే ప్రాణాపాయమని మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. అది అంత తేలికైన పనైతే గూగుల్ సంస్థ ఎప్పుడో చేసి ఉండేది. కన్నీటిలోని చక్కెరను కొలిచే కాంటాక్ట్ లెన్స్ తెస్తామని 2014 జనవరిలో ప్రకటించింది. కన్నీటి లెక్క రక్తం లెక్కతో నమ్మకంగా కలవడం లేదని 2018లో వాళ్ళే మానుకున్నారు.

గ్లూకోమీటర్ కూడా తప్పు చూపిస్తుంది. కానీ ఎంత తప్పు చూపించవచ్చో ముందే చెప్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వంద దాటిన రీడింగుల్లో 95 శాతం, అసలు విలువకి 15 శాతం అటూ ఇటూలో ఉండాలి. వాచ్ డబ్బా మీద అలాంటి అంకె ఏదైనా రాసుందేమో వెతకండి.

సూదులు తగ్గించాలన్నదే మీ కోరికైతే, నిజంగా పనిచేసే కొత్త సంగతి ఒకటి ఉంది: సీజీఎం. చేతి మీద అంటించే చిన్న బిళ్ళ. సన్నటి తీగ చర్మం కిందికి వెళ్ళి అక్కడి ద్రవంలో చక్కెరను నిమిషాల వ్యవధిలో కొలుస్తూ ఉంటుంది. రక్తంకన్నా కొద్ది నిమిషాలు వెనకబడుతుంది. ఆ సంగతి తెలుసుకుని వాడితే చాలా ఉపయోగం. రాత్రి నిద్రలో షుగర్ పడిపోతే అలారం కొట్టేవీ ఉన్నాయి. ఖర్చు తక్కువేం కాదు. కానీ నాలుగున్నర లక్షలు పక్కన పెట్టగలిగితే కొన్నేళ్ళ సెన్సర్లు వస్తాయి. మీ పాపకి ఏది సరిపోతుందో డాక్టరుగారిని అడగండి.

'ఉన్నది ఉన్నట్టు ఇన్సులిన్ వేసుకుంటూ కూర్చోవడమేనా' అని మీ ఆవిడకి అనిపిస్తోంది కదా. ఆ చేస్తున్నదాని విలువ ఆమెకి ఎవరూ సరిగా చెప్పి ఉండరు. అమెరికా, కెనడాల్లో 1441 మంది టైప్ 1 వాళ్ళని సగటున ఆరున్నరేళ్ళు గమనించారు. షుగర్‌ను రోజూ పలుమార్లు చూసుకుంటూ గట్టిగా అదుపులో పెట్టుకున్నవాళ్ళకి కంటిపొర దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది, కిడ్నీ, నరాల సమస్యలు కూడా సగానికి సగం తగ్గాయి. ఈ ఫలితం 1993లో వచ్చింది. టైప్ 1లో ఇంత పెద్ద లెక్కతో, ఇంత గట్టిగా నిలబడ్డ నిజాలు కొద్దే. రోజుకి నాలుగుసార్లు ఆమె సూది పట్టుకున్నప్పుడల్లా పాప కళ్ళనీ కిడ్నీలనీ కాపాడుతోంది. రేపు స్వీడన్ లాంటి చికిత్స నిజంగా అందుబాటులోకి వస్తే, దాన్ని అందుకోవడానికి పాప ఆరోగ్యంగా ఉండాలి కదా. ఆ మాట ఆమెకి మీరు చెప్పాలి, అదీ వాదనలో గెలవడానికి కాదు. ఏడాదిన్నరగా మీ ఇద్దరిలో ఎక్కువ టెన్షన్ పడుతున్నది ఎవరో మీకు తెలుసు. 'ఏ పుట్టలో ఏ పాముందో, ఒక్కసారి చూస్తే పోయేదేముంది' అనేది బిడ్డ మీది ప్రేమే. పోయేది ఏముందో మాత్రం చెప్పండి: డబ్బు, సరిగా శుభ్రం చెయ్యని కణాలతో వచ్చే ఇన్ఫెక్షన్, అన్నిటికన్నా ముఖ్యంగా 'ఇక నయమైపోయింది' అనుకుని ఇన్సులిన్ తగ్గించుకునే ప్రమాదం.

క్లినిక్‌కి నేరుగా 'వద్దు' అని చెప్పకుండా ఒక ఉత్తరం రాయండి, మీ ఆవిడతో కలిసి రాస్తే ఇంకా మంచిది. ఎక్కించే కణాలు ఎక్కణ్ణుంచి తీస్తారు, అవి ఇన్సులిన్ తయారుచేస్తాయని ఏ పరీక్షలో తేలింది, ఇప్పటిదాకా ఎంతమంది పిల్లలకి చేశారు, జబ్బు బయటపడి రెండేళ్ళు దాటినవాళ్ళు వాళ్ళలో ఎంతమంది, చికిత్సకి ముందూ ఏడాది తర్వాతా వాళ్ళ సి-పెప్టైడ్ ఎంత. ఈ చివరిది ముఖ్యం. శరీరం సొంతంగా ఇన్సులిన్ తయారుచేస్తే దాంతోపాటే సి-పెప్టైడ్ విడుదలవుతుంది, ఇంజెక్షన్ ఇన్సులిన్‌లో అది ఉండదు. శరీరం సొంతంగా ఇన్సులిన్ తయారుచేస్తోందో లేదో ఆ ఒక్క రక్తపరీక్ష చెప్పేస్తుంది. ఇది క్లినికల్ ట్రయల్ అని వాళ్ళంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే రిజిస్ట్రీ) నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి కాపీ అడగండి. నంబరు ఉన్నంత మాత్రాన పనిచేస్తుందని అర్థం కాదు, నమోదైందని మాత్రమే. ట్రయలే అయితే డబ్బు ఎందుకని కూడా అడగండి. ఫోన్లో చెప్తామంటే ఒప్పుకోవద్దు, సంతకంతో కాయితం మీద ఇమ్మనండి. వాళ్ళు జవాబిస్తే డాక్టరుగారికి చూపించి, నాకూ ఒక కాపీ పంపండి. వరస వరసా చదివి ఏమనిపించిందో మీ ఇద్దరికీ రాస్తాను.